సబ్లిమేషన్ ముద్రణ వ్యాపారం: పరికరాలు, సామగ్రి (బస్తర్ ప్రాంతం)

సబ్లిమేషన్ ముద్రణ అంటే ప్రత్యేకమైన రంగుతో కాగితం మీద అచ్చువేసిన బొమ్మను వేడి, ఒత్తిడి సాయంతో పాలియెస్టరు గుడ్డలోకి గానీ, పాలియెస్టరు పూత ఉన్న గట్టి వస్తువులోకి గానీ ఎక్కించే పద్ధతి. ఫొటో మగ్గులు, ఆటగాళ్ల జెర్సీలు, గుర్తింపు కార్డుల ట్యాగులు, జ్ఞాపికలు, ఫొటో దిండ్లు ఈ పద్ధతిలోనే తయారవుతాయి. రంగు వస్తువు పైన పొరలా నిలవదు, లోపలికి ఇంకిపోతుంది. అందుకే గోటితో గీరినా ఊడదు, ఉతికినా పగలదు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలో జగదల్‌పూర్ కేంద్రంగా ఉన్న బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, కాంకేర్, కొండాగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్. ముడిసరుకు తయారయ్యే నగరాలు దూరం. వానాకాలం పొడవు. విద్యుత్ వోల్టేజీ నిలకడగా ఉండదు. కాబట్టి ఇక్కడ ఈ వ్యాపారానికి కావలసిన సామగ్రి జాబితా హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో వేసుకునే జాబితాకు కొంత భిన్నంగా ఉంటుంది. ప్రింటరు ఎంత మంచిదన్న ప్రశ్నకన్నా వస్తువు పూత, ప్రెస్సు వేడి, గదిలో తేమ అన్న మూడింటి మీదే ఇక్కడ లాభనష్టాలు ఎక్కువగా ఆధారపడతాయి.

చరిత్ర

ఈ ముద్రణకు ఆధారమైన డిస్పర్స్ రంగులు 1920ల్లో పుట్టాయి. అప్పటికి కొత్తగా వచ్చిన సెల్యులోజ్ ఎసిటేట్ నూలుకు నీటిలో కరిగే పాత రంగులు పట్టలేదు. నీటిలో కరగని రంగును సన్నని పొడిగా నూరి నీటిలో చెదరగొట్టి వాడడం అప్పుడు మొదలైంది. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టరు నూలును కనుగొన్నాక ఈ రంగులకు అసలైన ఆతిథ్యం దొరికింది.

ఈ రంగుల్లో కొన్ని వేడికి ఆవిరై పక్కనున్న గుడ్డకు అంటుకోవడం అద్దకం వాళ్లకు చాలాకాలం ఒక బెడదగానే ఉండేది. దాన్నే ఒక పద్ధతిగా మలచినవాడు ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ డి ప్లాస్. 1957లో మొదలైన ఆయన కృషి నుంచే సబ్లిస్టాటిక్ అనే పేరుతో కాగితపు బదిలీ ముద్రణ వచ్చింది. 1970ల్లో పాలియెస్టరు బట్టల మోజుతో అది ప్రపంచమంతా పాకింది. అప్పటి కాగితాలను పెద్ద గ్రావ్యూర్ యంత్రాల మీద వేల మీటర్ల చొప్పున అచ్చువేసేవారు, కాబట్టి చిన్న వ్యాపారికి అందులో చోటు లేదు. 1990ల నుంచి ఇంక్‌జెట్ ప్రింటర్లకు ఈ సిరా అందుబాటులోకి రావడంతో ఒక్క మగ్గు, ఒక్క జెర్సీ కూడా గిట్టుబాటుగా చేయడం సాధ్యమైంది. ఫిల్ము రీళ్లు కడిగే పని పోయిన ఫొటో స్టూడియోలు, ఫ్లెక్సీ దుకాణాలు ఈ పనిని సహజంగా అందుకున్నాయి.

పనిచేసే తీరు

పాలియెస్టరు అణుగొలుసులు మామూలు ఉష్ణోగ్రత దగ్గర బిగుసుకుని ఉంటాయి. దాదాపు 70–80 డిగ్రీల సెల్సియస్ దాటాక వాటిలో కదలిక మొదలై, వేడి పెరిగేకొద్దీ వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి. 180 నుంచి 205 డిగ్రీల మధ్య కాగితం మీది రంగు ఆవిరై ఆ సందుల్లోకి చేరుతుంది. వస్తువు చల్లారగానే గొలుసులు మళ్లీ బిగుసుకుని రంగును లోపల పట్టేస్తాయి. పాలియెస్టరు కరిగే ఉష్ణోగ్రత 250 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి గుడ్డకు హాని జరగదు.

ఈ రసాయనం మూడు హద్దులు గీస్తుంది. మొదటిది, నూలు గుడ్డలో, పట్టులో, ఉన్నిలో ఈ రంగు నిలవదు. నూటికి 65 పాళ్లు పాలియెస్టరు, 35 పాళ్లు నూలు ఉన్న గుడ్డ మీద బొమ్మ వెలిసినట్టు కనిపిస్తుంది. రెండోది, ఈ రంగులు పారదర్శకమైనవి, వీటిలో తెల్ల సిరా లేదు. అంచేత వస్తువు తెల్లగానో లేత రంగులోనో ఉండాలి, నల్ల చొక్కా మీద పసుపుపచ్చ అచ్చు కనబడదు. మూడోది, సెరామిక్, లోహం, చెక్క వంటివాటికి పాలియెస్టరు పూత తప్పనిసరి. సాదా మగ్గు మీద ఎంత వేడిచేసినా బొమ్మ నిలవదు.

ముద్రణ యంత్రాలు

ఈ సిరాకు పీజో హెడ్ ఉన్న ప్రింటరు కావాలి. కొన్ని కంపెనీల ఇంక్‌జెట్‌లలో సిరాను నాజిల్ దగ్గరే మరిగించి చిమ్మే థర్మల్ హెడ్ ఉంటుంది. వేడికి స్పందించే రంగుకు అది పనికిరాదు. పీజో హెడ్‌లో చిన్న స్ఫటికం విద్యుత్తుకు వంగి సిరాను నెడుతుంది, వేడి ప్రసక్తి లేదు.

భారతదేశంలో చిన్న దుకాణాలు ఎక్కువగా ఎప్సన్ ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లను కొని, మామూలు సిరాకు బదులు సబ్లిమేషన్ సిరా నింపుకుంటాయి. నాలుగు రంగుల ఎల్130, ఆరు రంగుల ఎల్805 ఏ4 కాగితానికి, ఎల్1800 ఏ3 కన్నా కాస్త పెద్ద కాగితానికి బాగా వాడుకలోకి వచ్చిన నమూనాలు. ఇలా మార్చిన యంత్రానికి తయారీదారు వారంటీ వర్తించదు. ఒకసారి ఈ సిరా నింపాక అదే ప్రింటర్‌ను తిరిగి ఫొటోల ప్రింటింగుకు వాడడం కూడా మంచిది కాదు, గొట్టాల్లో మిగిలిన రంగు కలిసిపోతుంది. ఈ పనికోసమే తయారైన ఎప్సన్ ఎఫ్-శ్రేణి యంత్రాల ధర ఎక్కువ, కానీ సిరా, రంగుల ప్రొఫైలు, వారంటీ ఒకే చోట దొరుకుతాయి. జెర్సీ మొత్తానికి అచ్చు వేయాలంటే 24, 44, 64 అంగుళాల రోల్ ప్రింటర్లు అవసరం.

తెర మీద కనబడే రంగు కాగితం మీద మందకొడిగా ఉంటుంది, ప్రెస్సు తర్వాతే అసలు రంగు బయటపడుతుంది. అందుచేత ఐసీసీ ప్రొఫైలు (రంగులను సరిదిద్దే ఫైలు) లేకుండా పనిచేసేవాళ్లు ఎర్రను ఇటుకరంగుగా, నలుపును ఆకుపచ్చ జీరగా తెచ్చుకుంటారు. సిరా బ్రాండు గానీ కాగితం గానీ మారినప్పుడల్లా ప్రొఫైలు కూడా మారాలి.

హీట్ ప్రెస్సులు

చదును ప్రెస్సుల్లో 15×15 అంగుళాలు, 16×20 అంగుళాలు, 16×24 అంగుళాల పలకలు సాధారణం. మూత నోరులా తెరుచుకునేది క్లామ్‌షెల్, పలక పక్కకు తిరిగేది స్వింగ్ రకం. టైల్స్, మందమైన చెక్క ఫలకాల మీద ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడాలంటే స్వింగ్ రకమే మేలు. మగ్గులకు గుండ్రని హీటరున్న మగ్ ప్రెస్సు ఉంటుంది. సాధారణ మగ్గు 11 ఔన్సులది, అంటే సుమారు 325 మిల్లీలీటర్లు. దాని మీద 20×9 సెంటీమీటర్ల బొమ్మ పడుతుంది. ఒకే యంత్రానికి పలక, మగ్గు, టోపీ, ప్లేటు అచ్చులు మార్చి బిగించే ‘5 ఇన్ 1’ రకాలు మొదలుపెట్టేవారికి చౌక. అయితే రోజూ మగ్గులు చేసే దుకాణానికి విడి మగ్ ప్రెస్సే మన్నుతుంది, అచ్చులు పదేపదే మార్చడం వల్ల తీగల కొసలు వదులవుతాయి. గుడ్డను మీటర్ల లెక్కన ముద్రించే పెద్ద యూనిట్లలో నూనెతో వేడెక్కే డ్రమ్ము, దాని చుట్టూ తిరిగే ఫెల్టు దుప్పటి ఉన్న క్యాలెండర్ యంత్రాలు వాడతారు. వాటికి త్రీ ఫేజ్ కనెక్షన్ అవసరం.

వాడుకలో ఉన్న కొలతలు స్థూలంగా ఇవి: పాలియెస్టరు గుడ్డకు 195–205 డిగ్రీల వద్ద 40–60 సెకన్లు, మగ్గుకు 180–200 డిగ్రీల వద్ద రెండున్నర నుంచి నాలుగు నిమిషాలు, అల్యూమినియం రేకుకు 200 డిగ్రీల వద్ద 60–90 సెకన్లు, ఎండీఎఫ్ చెక్కకు దాదాపు ఒక నిమిషం. ప్రెస్సు అంకెలు చూపే వేడి, పలక అసలు వేడి ఒకటి కాకపోవచ్చు. చవక యంత్రాల్లో మధ్యకు, మూలలకు కూడా తేడా ఉంటుంది. పలకను తొమ్మిది చోట్ల కొలిచి చూసుకోవడానికి ఒక థర్మామీటరు గానీ ఉష్ణోగ్రతా పట్టీలు గానీ కొనడం అదనపు ఖర్చు కాదు. ఈ కొలత లేకుండా పైన చెప్పిన అంకెలు ఉపయోగపడవు.

వినియోగ సామగ్రి

సిరా: నీరు, గ్లైకాల్, చెదరగొట్టే రసాయనాల మధ్య అతిసన్నగా నూరిన డిస్పర్స్ రంగు తేలుతూ ఉంటుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ప్రధానమైనవి. ఆరు రంగుల యంత్రాల్లో లేత సయాన్, లేత మెజెంటా చేరతాయి. నిలవ ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది కనుక నింపేముందు సీసాను నెమ్మదిగా తిప్పాలి. గట్టిగా కుదిపితే బుడగలు వస్తాయి. వారంలో కొన్ని రోజులైనా ప్రింటు తీయకపోతే నాజిళ్లు మూసుకుపోతాయి. పండుగల మధ్య గిరాకీ లేని వారాల్లో రోజుకో పరీక్ష పేజీ తీయడం ఆనవాయితీగా పెట్టుకోవాలి.

సిరా ఖర్చు గురించి కొత్తవారికి ఉండే భయం నిరాధారం. చదరపు మీటరుకు 10 మిల్లీలీటర్ల లెక్కన 20×9 సెంటీమీటర్ల బొమ్మకు పడేది 0.18 మిల్లీలీటరు మాత్రమే. హెడ్ శుభ్రతకు పోయేది పక్కనపెడితే 100 మిల్లీలీటర్ల సీసా వందల మగ్గులకు సరిపోతుంది. నష్టం వచ్చేది చెడిపోయిన మగ్గుల వల్ల.

కాగితం: విడి షీట్లు సాధారణంగా చదరపు మీటరుకు 90–120 గ్రాముల బరువుంటాయి, వేగంగా నడిచే రోల్ యంత్రాలకు పలచనివి వాడతారు. సిరాను పైనే నిలిపి, వేడికి పూర్తిగా వదిలేసే పూత దీనికి ఉంటుంది. సాగే గుడ్డల కోసం జిగురు పూత కాగితం కూడా దొరుకుతుంది, ప్రెస్సు తెరిచేటప్పుడు అది జరగదు. ఒక ఏ4 షీటు మీద మూడు మగ్గుల బొమ్మలు పడతాయి.

ఖాళీ వస్తువులు: మగ్గులు, టైల్స్, అల్యూమినియం రేకులు, ఎండీఎఫ్ గడియారాలు, తాళంచెవుల గొలుసులు, దిండు గలీబులు, ట్యాగు రిబ్బన్లు, టీషర్టులు ఈ కోవలోవి. టీషర్టుల్లో నూలులా మెత్తగా ఉండే సరీనా, గాలి ఆడే డాట్ నిట్ రకాలు ఎక్కువ వాడుక. పాలియెస్టరు బట్టకు సూరత్, ఆటల బట్టకు లుధియానా, టీషర్టులకు తిరుప్పూరు పేరున్న కేంద్రాలు. మగ్గు మేలురకమా కాదా అన్నది పూత మందం, సమానత తేలుస్తాయి. పెట్టెలోంచి ఒకటి తీసి ముదురు నలుపు, చర్మపు రంగు ఉన్న బొమ్మ వేసి చూశాకే ఆ సరుకు పెద్దమొత్తంలో తెప్పించడం క్షేమం.

చిల్లర సామాను: వేడిని తట్టుకునే టేపు, టెఫ్లాన్ షీటు, పై పలకకు రంగు అంటకుండా బటర్ పేపరు, దూది పోగులు తీసే రోలరు, చేతి తొడుగులు, మగ్గులకు అట్టపెట్టెలు.

సరుకు చేరే దారులు

జగదల్‌పూర్‌కు సరుకు ముఖ్యంగా రెండు వైపుల నుంచి వస్తుంది. ఉత్తరాన దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో రాయ్‌పూర్ ఉంది. 30వ నంబరు జాతీయ రహదారి ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటు, కొండాగావ్ మీదుగా జగదల్‌పూర్ చేరి, అక్కడి నుంచి సుక్మా, కోంటా, భద్రాచలం వైపు సాగుతుంది. ఆగ్నేయాన విశాఖపట్నం ఉంది. బైలాడిలా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం అరకు, కోరాపుట్, జగదల్‌పూర్‌లను కలుపుతుంది. కోంటా, భోపాల్‌పట్నం ప్రాంతాల తెలుగు మాట్లాడే వ్యాపారులకు భద్రాచలం, వరంగల్ వైపు సంబంధాలు పాతవే.

వానాకాలంలో గోదావరి, శబరి వరదలకు కోంటా–చింతూరు దారి మునుగుతుంది. అనంతగిరి కొండల్లో చరియలు విరిగిపడి రైళ్లు ఆగిన సందర్భాలూ ఉన్నాయి. మగ్గులు పగిలే సరుకు కావడంతో ఘాటు దారుల్లో నష్టం అదనం. అందువల్ల జూన్ మొదటి వారానికే సిరా, కాగితం రెండు మూడు నెలలకు సరిపడా నిలవ చేసుకోవాలి. వీటిలో ఒక్క రంగు సీసా అయిపోయినా దుకాణం ఆగిపోతుంది కాబట్టి నలుపు, మెజెంటా సీసాలు ఒక్కొక్కటి అదనంగా ఉండాలి.

తేమ, విద్యుత్తు

కాగితానికి, గుడ్డకు అనుకూలమైన గాలి తేమ 40–60 శాతం. బస్తర్ వానల్లో అది 80 దాటి రోజుల తరబడి ఉంటుంది. తేమ పట్టిన కాగితం ప్రెస్సులో ఆవిరి వదిలి బొమ్మ అంచులను చెదరగొడుతుంది, నలుపులో మచ్చలు తెస్తుంది. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. కాగితాన్ని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. అచ్చువేసిన షీటును కాసేపు ఆరనివ్వాలి. గుడ్డను 5–10 సెకన్లు ఖాళీగా ప్రెస్ చేసి తేమ పోగొట్టాలి. పెద్ద యూనిట్లు డీహ్యూమిడిఫయరు పెట్టుకుంటాయి.

15×15 అంగుళాల ప్రెస్సు సుమారు 1,800 వాట్లు తీసుకుంటుందనుకుంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు అవసరం. దీనికి 16 ఆంపియర్ల సాకెట్టు, విడి తీగ, ఎర్తింగు ఉండాలి. హీటరు శక్తి వోల్టేజీ వర్గానికి అనుగుణంగా మారుతుంది. వోల్టేజీ 180కి పడితే అదే ప్రెస్సు 1,100 వాట్లే ఇస్తుంది. అంకె 200 డిగ్రీలు చూపినా, చల్లని వస్తువు పెట్టగానే పలక వేడి పడిపోయి మళ్లీ కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. వరసగా చేసిన జెర్సీల్లో మొదటిది ముదురుగా, నాలుగోది లేతగా రావడానికి తరచు ఇదే కారణం. మూడు కిలోవాట్లకు తగ్గని స్టెబిలైజరు దీనికి పరిష్కారం. ఇళ్లలో వాడే ఇన్వర్టరు ప్రెస్సును మోయలేదు. ప్రింటరుకు మాత్రం చిన్న యూపీఎస్ చాలు, అచ్చు మధ్యలో కరెంటు పోయి హెడ్ మూత పడకుండా నిలిచిపోతే నాజిళ్లు ఎండిపోతాయి.

లిపులు, డిజైను

ఈ ప్రాంతపు దుకాణానికి హిందీతోపాటు హల్బీ, గోండీ, భత్రీ, దక్షిణ అంచున తెలుగు పనులు వస్తాయి. హిందీ డీటీపీలో కృతిదేవ్, తెలుగులో అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందు కాలానివి. ఖాతాదారు ఫోనులో పంపిన యూనికోడ్ పాఠాన్ని వాటిలో అతికిస్తే అక్షరాలు చెదురుతాయి. గోండీకి రూపొందిన మసారం, గుంజాల లిపులు 2017, 2018లో యూనికోడ్‌లో చేరాయి. డిజైను పూర్తవగానే అక్షరాలను కర్వులుగా మార్చి దాచుకుంటే వేరే కంప్యూటరులో ఒత్తులు ఎగిరిపోవు. అచ్చు వేసేది అద్దంలో బొమ్మలా తిరగేసి కాబట్టి, తిప్పడానికి ముందే పేర్లను ఖాతాదారుతో చదివించడం మంచి అలవాటు.

గిరాకీ

ఎక్కువ పని ఆటల జెర్సీలు, పాఠశాల టీషర్టులు, ట్యాగులది. 2024 నవంబరు–డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ఒలింపిక్స్ నిర్వహించింది. నారాయణ్‌పూర్‌లో అబూజ్‌మాడ్ హాఫ్ మారథాన్ జరుగుతుంది. ఇలాంటి పోటీలకు టీషర్టులు తక్కువ గడువులో కావాలి. 75 రోజుల బస్తర్ దసరా, చిత్రకోట్, తీర్థగఢ్ జలపాతాల పర్యాటకం జ్ఞాపికలకు ఆధారం. పెళ్లిళ్లు, పుట్టినరోజులు ఏడాది పొడవునా మగ్గులకు పని కల్పిస్తాయి. నూలు చొక్కాలు, నల్ల చొక్కాలు అడిగేవారికి సబ్లిమేషన్ కుదరదు, వారికి డీటీఎఫ్ ఫిల్ము ముద్రణ సరిపోతుంది (చూడు: డీటీఎఫ్ ముద్రణ).

పెట్టుబడి, రుణం

తయారీ యూనిట్లకు 50 లక్షల రూపాయల వరకు, సేవా యూనిట్లకు 20 లక్షల వరకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం వర్తిస్తుంది. వర్గాన్ని, ప్రాంతాన్ని బట్టి ప్రాజెక్టు విలువలో 15 నుంచి 35 శాతం సబ్సిడీ లభిస్తుంది. 2015లో మొదలైన ముద్రా రుణాలు చిన్న దుకాణానికి సరిపోతాయి. బ్యాంకుకిచ్చే అంచనాలో ప్రింటరు, ప్రెస్సుల ధరలు రాసి స్టెబిలైజరు, వైరింగు, మూడు నెలల సరుకు, మొదటి నెలల్లో చెడిపోయే వస్తువుల విలువ మరిచిపోవడం మామూలే. బస్తర్‌లో ఈ మరిచిపోయిన వాటాయే యూనిట్‌ను ఇబ్బంది పెడుతుంది.

భద్రత, పర్యావరణం

ప్రెస్సు నుంచి గ్లైకాల్ ఆవిరి, పొగ వస్తాయి. గదికి ఎగ్జాస్టు ఫ్యాను తప్పనిసరి. మగ్గు బయటికి తీశాక కూడా కొన్ని నిమిషాలు కాలుతుంది. ఈ పద్ధతిలో గుడ్డను ఉతకనక్కర్లేదు, ఆవిరి పట్టనక్కర్లేదు. నీటి వాడకం దాదాపు లేకపోవడం పెద్ద మేలు. మరోవైపు, వాడిన కాగితమంతా చెత్తే, అందులో కొంత రంగు మిగిలే ఉంటుంది. పాలియెస్టరు మట్టిలో కలవదు, ఉతికినప్పుడు సూక్ష్మపు పోగులు నీటిలోకి వదులుతుంది. ఎండలో నిలబెట్టే బోర్డులకు ఈ ముద్రణ తగదు, అతినీలలోహిత కిరణాలకు రంగు వెలిసిపోతుంది.

స్థానిక అద్దకంతో పోలిక

బస్తర్‌లో పన్కా నేతగాళ్లు, సరిహద్దుకవతల ఒడిశాలోని కోట్‌పాడ్‌లో మిర్గన్ నేతగాళ్లు తొగరు చెట్టు వేరు బెరడుతో నూలుకు ఎరుపు, కాఫీగింజ రంగులు ఎక్కిస్తారు. ఈ రంగును స్థానికంగా ఆల్ అంటారు. నూలును ఆముదం, బూడిద, పేడ కలిపిన నీటిలో పదేపదే నానబెట్టి ఎండబెట్టాకే రంగు పడుతుంది, కాబట్టి పని వారాల తరబడి సాగుతుంది. కోట్‌పాడ్ వస్త్రానికి 2005లో భౌగోళిక సూచిక లభించింది. బస్తర్ ఢోక్రా, ఇనుప, చెక్క కళలకూ ఆ గుర్తింపు ఉంది.

రెండు పద్ధతులకూ రసాయనం వేరు, గుడ్డ వేరు. ఆల్ రంగు పాలియెస్టరుకు పట్టదు, సబ్లిమేషన్ సిరా ఆల్ చీర నూలులో నిలవదు. ఆ నేత నమూనాలను ఫొటో తీసి పాలియెస్టరు కండువాల మీద ముద్రించడం మాత్రం సాంకేతికంగా సులువు, నేతగాళ్ల బజారుకు దెబ్బ తగిలేది ఇక్కడే. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం నమోదైన పేరును వేరే వస్తువుకు తగిలించి అసలుదన్నట్టు అమ్మకూడదు. ఢోక్రా బొమ్మ ఫొటో ఉన్న మగ్గును ఫొటో మగ్గుగా, ముద్రించిన కండువాను పాలియెస్టరు ముద్రణగా చీటీ అతికించి అమ్మాలి (చూడు: కోట్‌పాడ్ చేనేత, బస్తర్ ఢోక్రా, భౌగోళిక సూచిక).